కప్ప అవ్వ సత్రంలో చెప్పులు

ఆట 611

కండక్టరమ్మ గొడుగుల కనుమ దాటింది. స్థాయి ముప్పై ఎనిమిది. ఒంట్లో సత్తువ సగం. సంచిలో టికెట్ పంచ్, రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక అలిగిన గొడుగు.

పెట్టె తెరిచిన ప్రతిసారీ ఇలా రాసి పెట్టాలని మా అవ్వ పోశవ్వ నియమం. నాకు ముందు ఈ బాయిలో ఆటగత్తె ఆమే. ఎండలకు తాళలేక మా పెద్దవాళ్ళు ఈ పాత బొగ్గుబాయిలోకి దిగినప్పుడు ఎవరో ఈ కంప్యూటర్ పెట్టెను కూడా దించారు. గాలి పంకాలు, నీళ్ళ మోటార్లు, మనుషుల లెక్క అన్నీ దీని మీదే నడుస్తాయి. దాంతోపాటే ఒక జపాన్ ఆట వచ్చింది. ఆరు భాగాలు. అందులో ఊరి పేరు యునోహార. మా వాళ్ళెవరికీ నోరు అలా తిరగక అది యునారం అయింది. పిల్లలు అది పక్క మండలంలో ఉందనుకుంటారు.

వింత ఆట. ఇందులో వీరుడూ లేడు, కత్తీ లేదు. రిటైరైన బస్సు కండక్టరమ్మ ఒకామె, తనను ఎక్కించుకోకుండా వెళ్ళిపోయిన బస్సును వెతుక్కుంటూ ఆరు భాగాలూ తిరుగుతుంది. దారిలో అలిగిన గొడుగులు, గర్వం తలకెక్కిన కూల్‌డ్రింకుల మిషన్లు, ఉత్తరాలు మింగే పోస్టు డబ్బాలు అడ్డం వస్తాయి. ఓడిపోయినవాళ్ళు ఎవరూ చావరు. వంగి దణ్ణం పెట్టి, టికెట్టు కొట్టించుకొని ఇళ్ళకు పోతారు. బస్సు మాత్రం దొరకదు. ఆరో భాగం చివరి దాకా ఎన్నిసార్లు ఆడానో, ఎప్పుడూ దాని వెనక దీపాలే కనిపిస్తాయి.

ఆడినంతవరకు ఆట దాచుకోవాలంటే కప్ప అవ్వ సత్రంలో పడుకోవాలి. ఆమె నిజంగా కప్పే. నడుముకు గుడ్డ చుట్టుకొని నిలబడి, "కాళ్ళు తుడుసుకొని రా బిడ్డా, పక్క ఏసిన" అంటుంది. ఆ మాటలు మా అవ్వవి. జపాన్ మాటలన్నీ కూర్చొని మన మాటల్లోకి మార్చింది ఆమే. అతిథులు గది బయట చెప్పులు విడుస్తారు. పొద్దున వెళ్ళిపోయే అతిథి చెప్పులను కప్ప అవ్వ ముందే సత్రం బయటి గుమ్మం వైపు తిప్పి పెడుతుంది, నేరుగా కాళ్ళు దూర్చి నడిచిపోవడానికి. ఆ దేశంలో అది మర్యాదట. మనమైతే ఎటు పడితే అటు విసిరేసి లోపలికి పోతామని అవ్వ నవ్వేది.

ఆ సత్రమే మా శ్మశానం. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. బాయిలో మంట పెట్టకూడదు, తవ్వితే కప్పు కూలుతుంది. పోయినవాళ్ళను పైకి మోసుకెళ్ళి ఎండకు అప్పజెప్పి వస్తాం. చూసుకోవడానికి ఏదో ఒక గుర్తు ఉండాలి కదా. అందుకని అవ్వ మా చేతిపట్టీలను సత్రానికి కలిపింది. మా అందరి మణికట్లకూ ఊపిరి కొలిచే పట్టీలుంటాయి. ఎవరి పట్టీ ఆగిపోతే వారి చెప్పులు సత్రంలో ఒక గది ముందు వాటంతటవే కనబడతాయి. ఎలా కలిపిందో నాకు నేర్పకుండానే పోయింది. పదకొండో రోజున ఇంటివాళ్ళు వచ్చి నా వెనక కూర్చుంటారు. నేను కండక్టరమ్మను ఆ గదిదాకా నడిపించి తలుపు కొట్టిస్తాను. లోపలి నుంచి "బాగనే ఉన్న. మీరు తిన్నరా?" అని అక్షరాలు వస్తాయి. పోయినవాళ్ళందరిదీ అదే మాట. అయినా అది చదివి ఏడవనివాళ్ళను నేను చూడలేదు.

ఇవాళ కండక్టరమ్మను పడుకోబెట్టడానికి వెళ్తే వరండా చివర కొత్త చెప్పుల జత కనబడింది. మీట నొక్కాను. "ఈ చెప్పులు కనకయ్యవి" అని వచ్చింది. కనకయ్య కింది గల్లీ మనిషి. పొద్దున నీళ్ళ వరసలో నాతో పోట్లాడి మరీ ముందు నిలబడ్డాడు. పట్టీ పాడైందేమో. మార్చుకోమని చెప్పాలి.

ఆట 612

కండక్టరమ్మ సత్రం దాటలేదు.

పట్టీ సంగతి చెబుదామని కిందికి వెళ్ళాను. మా బాయిలో మూడు గల్లీలు, ఒకదాని కింద ఒకటి. నేనుండేది పై గల్లీ. మా తమ్ముడు ఓదెలు, మరదలు భూలక్ష్మి, వాళ్ళ బిడ్డ జమున కింది గల్లీలో ఉంటారు. కనకయ్య ఇంటి ముందు జనం. పండుకున్నవాడు లేవలేదట. బతికినన్నాళ్ళూ అందరి మీదా అరిచిన మనిషి చప్పుడు లేకుండా పోయాడు.

ఓదెలు పంకాల దగ్గర పని చేస్తాడు. డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. వాడికి చెప్పుల సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"నిన్ననే ఉన్నయా? మనిషి బతికుండంగనే?" అన్నాడు.

"పట్టీ ఖరాబైందనుకున్న తమ్మీ."

"పట్టీ గాదక్కా. గా అవ్వ పిలిచింది."

నాకు ఒళ్ళు మండింది. "కప్ప పిలుసుడేందిరా? అది బొమ్మ. అన్నం ముట్టనిది మనుషుల్ని ముడుతదా?"

అప్పటికే భూలక్ష్మి వినేసింది. మా మరదలు విన్నదంటే బాయి మొత్తం విన్నట్టే.

ఆట 616

ఆడలేదు. తెరిచి, చూసి, మూసేశాను. మళ్ళీ తెరిచాను. కాబట్టి రాయాలి.

కనకయ్య గది పక్కన చిన్న చెప్పులున్నాయి. మీట నొక్కే ముందే నాకు తెలిసిపోయింది. ఆ పరిమాణం చెప్పులు వేసుకునే పిల్లలు బాయిలో ఇంకా ఉన్నారు, కానీ ఎందుకో తెలిసిపోయింది. "ఈ చెప్పులు జమునవి."

నాకు పిల్లలు లేరు. జమున నా ఒళ్ళో పెరిగింది. కండక్టరమ్మను నడిపించడం ఐదేళ్ళకే నేర్చుకుంది, గొడుగులతో కొట్లాడదు, వాటికి గుడ్లు పెట్టి బతిమాలుతుంది. పరుగెత్తుకుంటూ కిందికి పోయాను. పిల్ల గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. తలకాయ నొస్తుందని, నిద్ర వస్తుందని రెండు రోజులుగా అంటున్నదట. ఎత్తుకొని పై గల్లీకి తెచ్చేశాను. భూలక్ష్మి వెనకాలే ఏడ్చుకుంటూ వచ్చింది.

ఈలోగా బాయి పెద్ద రాయమల్లు వచ్చాడు. మంచిమనిషే. కానీ భయం అంటేనే ఆయనకు భయం. ఆయన చిన్నప్పుడు ఈ పెట్టెకు ప్రమాదం వస్తే మోగే గంట ఉండేదట. ఒకసారి ఉత్త పుణ్యానికి మోగితే జనం పైగేటు దగ్గర ఒకరినొకరు తొక్కుకున్నారు. వాళ్ళ అమ్మ అందులోనే పోయింది. ఆ తర్వాత గంట తీగ తెంపేశారు.

"స్వరూపా, గా చెప్పులు ఆడికెళ్ళి తియ్యరాదా?" అన్నాడు.

తియ్యొచ్చు. రెండో భాగంలో కండక్టరమ్మ స్నానం టికెట్టు కోసం సత్రంలో పని చేస్తుంది. చెప్పులు తీసి గోడ అరలో సర్దుతుంది. ఇంతవరకూ పోయినవాళ్ళ చెప్పులు నేను ముట్టలేదు, ఎవరు ముడతారు? ఇవాళ ముట్టాను. జమున చెప్పులు తీసి అరలో పెట్టాను. కప్ప అవ్వ నా వైపు తిరిగి, "ఎళ్ళిపోయిన సుట్టానికి నేను అన్నం వండ బిడ్డా" అంది. నోటి తీరు చూడు ముసల్దానికి, అనుకొని నవ్వాను. చాలాసేపటి తర్వాత వచ్చిన నవ్వు.

ఆట 617

కండక్టరమ్మ: పోస్టు డబ్బాను ఓడించింది. స్థాయి ముప్పై తొమ్మిది.

జమున పొద్దున లేచి ఉప్మా తిన్నది. రెండోసారి పెట్టించుకొని మరీ తిన్నది. తలనొప్పి లేదు. "అత్తా, గా పోస్టు డబ్బా నీకు లొంగదు, నేను ఆడుతా" అని నా చేతిలోంచి మీటలు లాక్కుంది. దానితో ఏం చెప్పిందో ఏమో, అది వంగి దణ్ణం పెట్టి పోయింది.

రాయమల్లు వచ్చి పిల్ల నెత్తి నిమిరాడు. కింది గల్లీ ఆడవాళ్ళు నాకు అరటిపండు తెచ్చారు. బాయిలో అరటిపండు అంటే ఏమిటో తెలిసినవాళ్ళకే తెలుస్తుంది, దీపాల కింద ఏడాదికి ఒక గెల కాస్తే గొప్ప. నేను, జమున, భూలక్ష్మి ముగ్గురం పంచుకున్నాం. సాయంత్రం డ్యూటీ దిగగానే ఓదెలు వచ్చి పిల్లను ఇంటికి తీసుకుపోయాడు.

ఇక రోజూ పెట్టె తెరిచి, కొత్త చెప్పులుంటే తీసి అరలో పెట్టడం నా డ్యూటీ అని రాయమల్లు చాటించాడు. ఆటగత్తెను కాస్తా దేవతను చేసి కూర్చోబెట్టారు. సంతోషం వేయలేదంటే అబద్ధం.

ఆట 625

కండక్టరమ్మ గురించి రాయడానికి ఏమీ లేదు. కనకయ్య దినం రోజు ఆయన గది తలుపు కొట్టింది, అంతే. తక్కిన రోజులన్నీ చెప్పులు సర్దుతూనే ఉంది.

మొదట రోజుకు ఒక జత. తర్వాత రెండు. ఇవాళ తెరిస్తే వరండా సగం నిండి ఉంది. అన్నీ కింది గల్లీవే. తాపీ పని చేసే మల్లారెడ్డి, బడి పంతులమ్మ వసంత, భూలక్ష్మి వాళ్ళమ్మ బుచ్చవ్వ, భూలక్ష్మి. ఓదెలు పేరు కూడా వచ్చింది. గబగబా తీసి అరలో పెట్టాను. ప్రతి జతకూ కప్ప అవ్వ అదే మాట అంటుంది. విని విని చెవులు మొద్దుబారాయి.

ఎవరూ చావలేదు. అందుకే అందరూ ధైర్యంగా ఉన్నారు. కానీ కింది గల్లీలో నడుస్తుంటే నాకు బాగోలేదు. ఎటు చూసినా గోడలకు ఆనుకొని మనుషులు ఆవులిస్తున్నారు. బడిలో పిల్లలు బల్లల మీద తలలు పెట్టి నిద్రపోతున్నారు, పంతులమ్మ కూడా. మెట్లెక్కి పైకి వచ్చాక నా తల తేలికైంది. ఆ మాట మనసులో ఒక మూల పడి ఉంది, ఏం చేయాలో తెలియలేదు.

ఓదెలు అన్నం తినడానికి వచ్చాడు.

"పంకా దానంతటదే మెల్లగైతాందక్కా. నేను మీట ముట్టలె."

"ఎందుకట్ల?"

"తెర మీద చూస్తే కింది గల్లీల మంది తక్కువున్నట్టు చూపెడతాంది. మందిని బట్టే గదా అది గాలి పంపేది. పట్టీలు పాతగయినయి, రిపేరు చేపిద్దామన్నడు పెద్దయ్య."

"మరి అందాక?"

"అందాక ఏమున్నది, కరెంటు మిగులుతాందని ఖుషీగున్నడు."

వాడు మాట్లాడుతూ మాట్లాడుతూ ముద్ద చేతిలో పట్టుకొని కునుకు తీశాడు. లేపితే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆట 629

బుచ్చవ్వ పోయింది. ఆమె చెప్పులు నాలుగు రోజుల కిందటే అరలో పెట్టాను. ఎవరి చెప్పులు అరలో పెడితే వాళ్ళకు ఏమీ కాదనుకున్నాను. వయసైపోయింది, చెప్పులు పిలవలేదు, దానంతటదే వచ్చిన చావు అని జనం సర్దిచెప్పుకున్నారు. భూలక్ష్మి నా మొహం చూడలేదు.

ఆట 640

ఇది వివరంగా రాస్తాను. రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

బుచ్చవ్వ పదకొండో రోజు. భూలక్ష్మి, ఓదెలు, కింది గల్లీ వాళ్ళు ఇరవై మంది దాకా నా వెనక కూర్చున్నారు. రాయమల్లు కూడా వచ్చాడు. జమునకు నిద్రగా ఉందని ఇంట్లోనే పడుకోబెట్టి వచ్చారు. కండక్టరమ్మను సత్రంలోకి నడిపించాను. వరండా అంతా తిప్పాను. బుచ్చవ్వ గది లేదు. చెప్పులు లేని తలుపులు ఊరికే కొట్టి చూశాను. ఎవరూ పలకలేదు.

"మా అమ్మ ఏది వదినె?" అంది భూలక్ష్మి.

కండక్టరమ్మను అర దగ్గరికి తీసుకుపోయాను. బుచ్చవ్వ చెప్పులు అక్కడే ఉన్నాయి, నేను పెట్టిన చోటే. నొక్కితే కప్ప అవ్వ అంది, "ఎళ్ళిపోయిన సుట్టానికి నేను అన్నం వండ బిడ్డా."

"ఎళ్ళిపోయిందా? ఏడికి పోయింది? మంచంల నా కండ్ల ముంగటనే పాయె గదా!" భూలక్ష్మి ఏడుపు వినలేక నేను ఊరికే మీట కిందికి నొక్కుతూ పోయాను. అర దిగుతూ పోయింది. నేను పెట్టిన జతలన్నీ దాటాక అడుగున పాత చెప్పులు కనబడ్డాయి. నేనెప్పుడూ చూడనివి. పేర్లు కూడా తెలియనివి. ఒకదాని దగ్గర రాయమల్లు నా భుజం పట్టుకున్నాడు. "ఈ చెప్పులు మొగిలివి" అని ఉంది.

"ఆగు. మా అన్న గాయన."

"ఎప్పుడు పోయిండు పెద్దయ్యా?"

"పోవుడేంది? సావలేదు. గంట కొట్టిన ఏడు, మా అమ్మ పోయినంక ఈడ ఉండనని ఇంకో బాయికి నడిసిపోయిండు. ఇంకో పదిమంది పోయిన్రు. పోయేనాడు గాళ్ళు పట్టీలు ఇడిసిన్రు, చెప్పులు కనబడంగనే మీ అవ్వ తీసి గిండ్ల పెట్టింది. నేను పక్కన్నే కూసున్న."

"ఎందుకు పెట్టింది?"

ఆయన కాసేపు గుర్తు తెచ్చుకున్నాడు. పెద్దవాడైన మనిషి మొహం పసివాడి మొహంలా అయిపోవడం అప్పుడు చూశాను.

"గాలి లెక్క తగ్గాలె గదా అన్నది. ఈడ లేనోళ్ళకు గాలెందుకు అన్నది."

గోడ అవతల పంకా చప్పుడు వినబడుతోంది. ఎంత మెల్లగా ఉందో అప్పుడు అందరం విన్నాం.

నేను తెలివితక్కువదాన్ని కాను, కానీ అంత తెలివితక్కువ పని ఇంకెవరూ చేసి ఉండరు. గది ముందు చెప్పులు పెట్టినప్పుడు పెట్టె మనిషిని పిలవడం లేదు. ఊపిరి తగ్గుతోంది, చూసుకోండి అని చెబుతోంది. గంట తెంపేశాం, దానికి మరో నోరు లేదు. జమున బతికింది నేను చెప్పులు తీసినందుకు కాదు, ఎత్తుకొని పైకి తెచ్చినందుకు. మళ్ళీ కిందికి పంపాను. ఆపైన రోజుకు ఇంతమంది చొప్పున మనుషులు బాయి విడిచిపోయారని పెట్టెకు చెప్పాను, నా చేత్తోనే. అది నమ్మి గాలి ఆపుకుంటూ వచ్చింది.

"పిల్ల!" అన్నాను. ఓదెలు అప్పటికే మెట్ల వైపు పరుగెత్తుతున్నాడు.

నేను పైనున్న జత అరలోంచి తీశాను. రాయమల్లు చేయి అడ్డం పెట్టాడు.

"బతికున్నోళ్ళ చెప్పులు సచ్చినోళ్ళ వరండాల పెడతవా? జనం ఊకుంటరా? మల్ల గేటు కాడ తొక్కుకుంటరు బిడ్డా."

"తొక్కుకోకుంట నువ్వు చూసుకో పెద్దయ్యా. నేను గాలి సంగతి చూస్త."

నా వెనక ఉన్నవాళ్ళలో సగం మంది పేర్లు అరలోనే ఉన్నాయి. ఒక్కొక్క జత తీసి గది ముందు పెడుతుంటే ఆ మనుషులు నా వెనకే నిలబడి తమ పేర్లు చదువుకుంటున్నారు. మల్లారెడ్డి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. పంతులమ్మ వసంత, "నాది పెట్టమ్మా, ఏం గాదు" అంటూనే పక్కామె చేయి పట్టుకుంది. పంకా చప్పుడు కొంచెం కొంచెంగా పెరిగింది. అది పెరిగిన కొద్దీ మనుషులు నా చుట్టూ దగ్గరికి జరిగారు.

చివరికి జమున చెప్పులు మిగిలాయి. మొదట పెట్టినవి కదా, నేను పెట్టినవాటిలో అన్నిటికన్నా అడుగున ఉన్నాయి. భూలక్ష్మి నా మణికట్టు పట్టుకుంది.

"నా పిల్లది ఆడ పెట్టకు వదినె. నీ కాళ్ళు మొక్కుత."

"పెట్టకుంటె అది పిల్లను లేదనుకుంటది భూలక్ష్మీ. లేదనుకున్నదానికి గాలియ్యదు."

ఆమె వదల్లేదు. బలంగా పట్టుకుంది. అప్పుడు ఓదెలు పిల్లను భుజాన వేసుకొని వచ్చాడు. జమున తల వేలాడుతోంది. "పెట్టక్కా! ఇంక ఏం చూస్తున్నవ్?" అని అరిచాడు. భూలక్ష్మి వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. చెప్పులు పెట్టాను. కప్ప అవ్వ అంది, "కాళ్ళు తుడుసుకొని రా బిడ్డా, పక్క ఏసిన."

ఆ మాటకు నా వెనక ఎవరో వెక్కి ఏడ్చారు. పంకా ఊపందుకుంది. పిల్లను పంకా నోటి దగ్గర పడుకోబెట్టి అరచేతులు రుద్దుతూ కూర్చున్నాం. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. జమున వాంతి చేసుకుంది, నీళ్ళు అడిగింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఆట 641

ఆడలేదు.

కింది గల్లీ ఖాళీ చేయించాం. రాయమల్లు స్వయంగా మెట్ల దగ్గర నిలబడి ఇంటింటినీ వరసలో పైకి పంపించాడు. ఎవరూ తొక్కుకోలేదు. నడిమి గల్లీవాళ్ళు వంటపాత్రలు జరిపి చోటిచ్చారు. జమున నా దగ్గరే పడుకుంటోంది. దాని ఊపిరి లెక్కపెట్టకుండా ఉండడం నాకు చేతకావడం లేదు.

ఒక్క ప్రశ్న మిగిలింది. కనకయ్య పోయేనాటికి నేను ఏ చెప్పులూ ముట్టుకోలేదు. అప్పుడే గాలి ఎందుకు తగ్గింది?

ఆట 646

వరండాలో మళ్ళీ కొత్త జతలు. ఈసారి నడిమి గల్లీవి.

ఓదెలు పంకాల నుంచి వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. చేతులకు గ్రీజు, మొహానికి గ్రీజు.

"పంకా ఫుల్లుగ తిరుగుతాంది. తిరిగి ఏం లాభం, గుంజుకొద్దామంటె పైన గాలే అందుతలేదు. పైకెళ్ళి గాలి దిగే గాలిబాయి నోరు కూలినట్టుంది అక్కా. ఇసుకనో ఏమో నిండుతాంది. ఎప్పటిసందో."

"తవ్వరాదా?"

"కిందికెళ్ళి తవ్వితె మన నెత్తినె పడతది. బయటికి పోయి తియ్యాలె. పోయి తీసెదాక ఈడ మంది ఆగద్దా?"

రాయమల్లుకు చెప్పాం. ఆలోచిద్దాం అన్నాడు. ఇంకో రెండు రోజులు చూద్దాం అన్నాడు. పగటి ఎండలో బయట నిలబడి బతికినవాడు మా తరంలో లేడు. శవాలు మోసేవాళ్ళు కూడా చీకట్లో పోయి చీకట్లోనే దిగుతారు. ఆయనను తిట్టలేకపోయాను.

ఆట 648

కండక్టరమ్మ సత్రంలో ఉంది. స్థాయి, సత్తువ చూడలేదు.

తెరవగానే చెప్పులు. వరండా నిండి, స్నానాల గది దాకా, అక్కడి నుంచి మెట్ల దాకా. నావి ఉన్నాయి. ఓదెలువి, భూలక్ష్మివి, పై గల్లీలో ఏ నలతా లేని వాళ్ళవీ ఉన్నాయి. బాయిలో ఊపిరి ఉన్న ప్రతి మనిషివీ ఉన్నాయి. అందరం అయిపోయామనుకున్నాను.

జమున నా భుజం మీదుగా చూసి, "అత్తా, అన్ని తిప్పి పెట్టింది" అంది.

అప్పుడు చూశాను. పోయినవాళ్ళ చెప్పులు ఎప్పటిలాగే తలుపుల వైపు ఉన్నాయి. కనకయ్యవి కదల్లేదు, పోశవ్వవి కదల్లేదు. బతికున్నవాళ్ళవి మాత్రం, ఒక్కటి కూడా తప్పకుండా, గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.

రాయమల్లును పిలిపించాను. ఆయన తెర దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"నావి గూడ ఉన్నయా?"

"ఉన్నయి పెద్దయ్యా."

"ఎటు దిక్కున్నయి?"

"బయటి దిక్కు."

"పైన ఎండ ఎట్లున్నదో ఈ కప్పకు ఎరుకనా?"

"ఎరుక లేదు. ఈడ గాలి ఎంత మిగిలిందో ఎరుక."

ఆయన మొలతాడుకు కట్టుకున్న గేటు తాళంచెవి విప్పి ఓదెలు చేతిలో పెట్టాడు. మొగిలి ఏ దిక్కుకు నడిచాడో మాత్రం చెప్పాడు. ఆ బాయి ఇంకా ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఆట 649

పొద్దు గుంకింది. గేటు తెరిచారు. వేడి మెట్ల మీదుగా నా గదిదాకా దిగివచ్చింది, పొయ్యి మూత తీసినట్టు. ఈ వేళకే ఇలా ఉంటే పొద్దున ఎలా ఉంటుందో ఆలోచించదలచుకోలేదు.

పెట్టెను మోసుకుపోలేం. జమున అడిగింది, కాదన్నాను. పోయేవాళ్ళ చెప్పులు అరలో పెట్టాలి. అవ్వ నియమం. మొగిలికి ఆమె చేసింది నేను బాయి మొత్తానికి చేయాలి. ఒక్కొక్క కుటుంబం గేటు దాటినట్టు కేక వినబడగానే వాళ్ళ జతలు తీసి పెడుతున్నాను. ఈసారి పెట్టెకు అబద్ధం చెప్పడం లేదు. వసంత. మల్లారెడ్డి. రాయమల్లు. భూలక్ష్మి. ఓదెలు. ప్రతిసారీ కప్ప అవ్వ అన్నం వండనంటోంది, ప్రతిసారీ పంకా కొంచెం తగ్గుతోంది.

చివర్లో కండక్టరమ్మను పోశవ్వ గది దగ్గరికి నడిపించాను. తలుపు కొట్టాను.

"బాగనే ఉన్న. మీరు తిన్నరా?"

"తిన్నం అవ్వా. పోయొస్తం" అన్నాను, పైకే అన్నాను.

"అత్తా, కండక్టరమ్మ బస్సు మన కోసం వస్తదా?" అంది జమున గుమ్మంలోంచి.

"రాదు బిడ్డా. నడుసుడే."

దాని జత తీసి పెట్టాను. తర్వాత నాది. పంకా ఆగిపోయింది. నేను పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడు లేని క్షణం లేదు. ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలియదు. కింద ఎక్కడో నీళ్ళ చుక్క పడడం కూడా వినబడుతోంది. జమున నా చెప్పులు బయటి దిక్కుకు తిప్పి పెట్టి నిలబడింది.